మూడు స్టార్లిచ్చిన పాపానికి

కడప నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్. ఇల్లు ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ లైబ్రరీకి నడిచి వెళ్ళేంత దూరం. పుస్తకాల పిచ్చి ఉన్న తొమ్మిది మంది కలిసి ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఒకరింట్లో కూర్చుంటారట. టీచర్లు, బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి, మెడికల్ షాపాయన, రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకరు. జనవరిలో ఎవరి ఏడాది ప్లాన్ వాళ్ళు అందరి ముందూ చదువుతారు. అందరికీ కలిపి ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. చదివిన పుస్తకం పేరు, పేజీలు, ఐదుకి ఎన్ని స్టార్లు అన్నది అందులో ఎవరిది వాళ్ళే రాయాలి.

ఈ జనవరిలో బ్యాంకు అమ్మాయి "యాభై" అనగానే ఈమె నోట "అరవై" వచ్చేసింది. పోయినేడాది చదివింది ముప్ఫై నాలుగు. ఇప్పుడు సెప్టెంబర్, ఇరవై మూడయ్యాయి. అందులో తొమ్మిది, ఎనభై పేజీలు కూడా లేనివి. లెక్క కోసమే తీసుకున్నానని దాచకుండా రాశారు. ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిన తొమ్మిది వందల పేజీల నవల మాత్రం మూడొందల పేజీ దగ్గర ఆగిపోయింది. అది అయ్యేలోపు చిన్నవి నాలుగైపోతాయి కదా అనుకున్నారట. రాత్రిళ్ళు ఇంకా ఎన్ని పేజీలున్నాయో తిప్పి చూసుకుంటుంటే భర్త, "నువ్వు చదువుతాండావా, లెక్కపెడతాండావా?" అన్నారట.

అసలు గొడవ ఇది కాదు. లెక్చరర్ గారు పదకొండు కథలతో తన మొదటి సంపుటి వేసుకున్నారు. సొంత డబ్బులు, ఐదు వందల కాపీలు. అందరికీ సంతకం చేసి ఇచ్చారు. ఏడుగురు ఐదేసి స్టార్లు వేశారు, ఈమె మూడు వేశారు. జూలై మీటింగులో నోట్‌బుక్ సారు చేతికి వెళ్ళింది. ఆయన ఏమీ అనలేదు, ఆగస్టుకి రాలేదు. వాళ్ళావిడ కూరగాయల దగ్గర ఎదురుపడి కూడా పలకరించకుండా పక్కకు తిరిగిపోయారు. అప్పటి నుంచి ఈమె ఏ పుస్తకానికైనా నాలుగే వేస్తున్నారు. ఆ నాలుగు చూసి బ్యాంకు అమ్మాయి నాలుగు వందల యాభై రూపాయలు పెట్టి ఒక పుస్తకం తెప్పించుకుంది. చదివి, "ఏం చూసి నాలుగిచ్చినారక్కా దీనికి?" అని అడిగింది.

ఆమె ప్రశ్నలివి. సారు పుస్తకానికి వేసిన మూడును ఐదు చేయాలా? అసలు స్టార్లివ్వడమే మానేయాలా? అరవై ఎలాగూ అవ్వదు, ఆ ప్లాన్‌ను ఏం చేయాలి? ఇంత టెన్షన్ ఎందుకు, గ్రూపులోంచి తప్పుకుంటే పోదా? అక్టోబర్ మీటింగ్ ఈమె ఇంట్లోనే. నోట్‌బుక్ కూడా ఈ నెల ఈమె దగ్గరే ఉంది.

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక చోట నేను చాలాసేపు ఆగాను. స్టార్ల గొడవ చెప్తూ చెప్తూ మధ్యలో సారు రాసిన ఒక కథ గురించి అర పేజీ రాశారు. రెండు బోర్లు ఎండిపోయిన రైతు మూడో బోరు వేయిస్తాడు. రాత్రి పూట బండి వస్తుంది. చేనంతా తెల్లటి దుమ్ము. ఆయన దేవుళ్ళకు మొక్కుతుంటే, ఆయన భార్య గట్టు మీద కూర్చుని లోపలికి దిగే రాడ్లు లెక్కపెడుతుంటుంది, అడుగుకింత అని డబ్బు కట్టాలి కాబట్టి. "ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అని రాశారు. తర్వాతి వాక్యంలోనే, "కానీ ఏడు కథలు ఉపన్యాసాల్లా ఉన్నాయి, అందుకే మూడు వేశాను" అన్నారు.

చూశారా, మీ దగ్గర రెండు అభిప్రాయాలున్నాయి. నాలుగు కథలకు ఐదు, ఏడు కథలకు రెండు. కలిపి భాగిస్తే మూడుకి కొంచెం ఎక్కువ వస్తుంది. సగటు ఏమేం దాచిపెడుతుందో లెక్కల టీచరుకి నేను చెప్పనక్కర్లేదు. నిద్ర పట్టనివ్వని కథ ఒకటి ఆ పుస్తకంలో ఉందన్న సంగతి ఆ మూడులో ఎక్కడా లేదు. సారుకి చేరింది అంకె ఒక్కటే.

ఆ అంకెను ఆయన ఎలా చదువుకున్నారో కూడా ఆలోచించండి. మీ గ్రూపుకి ఈ స్టార్ల పద్ధతి, పాఠకులు పుస్తకాలకు స్టార్లు వేసే గుడ్‌రీడ్స్ అనే సైట్ చూసి వచ్చిందన్నారు. 2007లో మొదలై, 2013లో అమెజాన్ చేతికి వెళ్ళిన ఆ సైట్లో ఒక్కో స్టారుకి ఒక అర్థం పెట్టారు. ఒకటంటే నచ్చలేదు. రెండంటే ఫరవాలేదు. మూడంటే నచ్చింది. నాలుగంటే బాగా నచ్చింది. ఐదంటే అద్భుతం. ఆ లెక్కన మీరు సారు పుస్తకాన్ని మెచ్చుకున్నట్టే. కానీ ఆయన నలభై ఏళ్ళు పేపర్లు దిద్దిన మనిషి. మూడు బై ఐదు అంటే ఆయనకు అరవై శాతం. పదో తరగతిలో 600కి 590 దాటినవాళ్ళ ఫొటోలతో ప్రతి సర్కిల్లోనూ ఫ్లెక్సీలు వేలాడే ఊళ్ళో అరవై శాతానికి ఏం గౌరవం ఉంటుంది? దానికి తోడు ఫుడ్డు తెచ్చే కుర్రాడు కూడా "ఫైవ్ స్టార్ ఇవ్వండన్నా" అని బతిమాలే రోజులివి. ఐదుకి ఒక్కటి తగ్గినా ఫిర్యాదు చేసినట్టే అనుకుంటున్నారు జనం. మీరు ఒక కొలబద్దతో వేశారు, ఆయన ఇంకో కొలబద్దతో చదువుకున్నారు. మీ నోట్‌బుక్ అట్ట లోపల ఏ స్టారుకి ఏమర్థమో ఎవరూ రాసి పెట్టలేదు.

ఇంకో సంగతి. మీరు ఏటా ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తారు కదా. అక్కడ ఆన్సర్ కీ ఉంటుంది, స్టెప్పుకి ఇన్ని మార్కులని ఉంటుంది. పేపరు ఏ ఊరి పిల్లాడిదో మీకు తెలియదు, దిద్దిందెవరో వాడికి తెలియదు. అందుకే నిశ్చింతగా మార్కులు వేసి ఇంటికొస్తారు. మీ ఆదివారం మీటింగులో ఇవేవీ లేవు. పుస్తకానికి కీ లేదు. రాసినాయన మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. నోట్‌బుక్‌లో మీ చేతిరాత అందరికీ తెలుసు. వేలమంది ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం పుట్టిన పద్ధతిని తీసుకొచ్చి తొమ్మిది మంది కూర్చునే గదిలో పెట్టారు. వేలమందిలో ఒక మూడు ఎవరి కంటా పడదు. మీ ఎనిమిది మందిలో ఏడు ఐదులు, ఒక మూడు, సగటు 4.75. నిజానికి మంచి సగటే. కానీ సారు కన్ను సగటు మీద పడదు, ఆ ఒక్క మూడు మీదే పడుతుంది. ఆయనే కాదు, ఎవరైనా అంతే.

ఇక మీ మొదటి ప్రశ్న. మూడును ఐదుగా దిద్దచ్చు. పెన్నుతో ఒక గీత పని. కానీ ఆ మూడును ఇప్పటికే అందరూ చూశారు. దిద్దితే, దిద్దినట్టు కూడా అందరూ చూస్తారు. సారుకి మీ మీద కోపం పోయి జాలి మొదలవుతుంది. "బాధపడ్డానని మార్చింది పాపం" అనుకుంటారు. ఆ ఐదు వల్ల ఆయనకు ఏ సంతోషమూ రాదు. పైగా ఇకమీదట మీ నోట్‌బుక్‌లో ఎవరు ఎన్ని వేసినా, ఎవరి మొహం చూసి వేశారో అన్న అనుమానం ఉండనే ఉంటుంది.

ఏమీ చేయకుండా ఊరుకోవడం రెండో దారి. కొన్ని గొడవలు వాటంతటవే చల్లారతాయి. ఇది కూడా చల్లారచ్చు. కానీ సారు ఇప్పటికే ఒక మీటింగ్ మానేశారు. తొమ్మిది మంది ఎనిమిదయ్యాక, ఆ ఖాళీ కుర్చీ గురించి ఎవరూ మాట్లాడకుండా నాలుగు నెలలు గడిస్తే ఇలాంటి చిన్న గ్రూపులు ఎలా ముగుస్తాయో మీకూ తెలుసు. ఒకసారి వర్షమని, ఒకసారి పెళ్ళని వాయిదా పడతాయి. ఆ తర్వాత ఎవరూ తేదీ అడగరు.

మూడోది, ఆయన దగ్గరికి వెళ్ళడం. నన్నడిగితే దీనికే మొగ్గుతాను. మూడు వేసినందుకు సంజాయిషీ చెప్పడానికి వెళ్ళొద్దు, అందులో తప్పేమీ లేదు. బోరు కథ గురించి మాట్లాడటానికి వెళ్ళండి. ముందు ఫోన్ చేయండి, ఎవరినీ వెంటబెట్టుకోవద్దు. ఉత్తరంలో నాకు రాసిన ఆ అర పేజీ ఉంది కదా, అదే ఆయనకు చెప్పండి. గట్టు మీద ఆమె రాడ్లు లెక్కపెట్టడం ఆయన ఎక్కడ చూశారో అడగండి. తన కథలో ఒక చిన్న సంగతిని ఇంకొకరు పట్టుకున్నారని తెలిస్తే రాసినవాళ్ళకు ఎంత బాగుంటుందో నేను చెప్పలేను. ఐదు స్టార్లు వేసిన ఏడుగురిలో ఆ రాడ్ల సంగతి ఆయనతో మాట్లాడినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అసలు ఏడుగురూ చివరిదాకా చదివారా అని కూడా నాకు అనుమానమే. మీ మూడు, మీరు చదివారనడానికి సాక్ష్యం. నా మాట కొంచెం పుల్లవిరుపుగా ఉందేమో, ఉండనివ్వండి.

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. "అయితే మిగతావి బాగాలేవా?" అని ఆయన అడగచ్చు. అడగకపోతే మీరై మీరు ఎత్తొద్దు. అడిగితే మాత్రం తప్పించుకోవద్దు. ఏడు కథలకు ఏడు విమర్శలు చెప్పక్కర్లేదు. ఒక్క కథ తీసుకుని, ఫలానా పేజీలో పాత్ర మాట్లాడటం ఆపి మీరు మాట్లాడటం మొదలుపెట్టారనిపించింది సార్, అంటే చాలు. ఆయన మెత్తబడకపోవచ్చు కూడా. మీరు తిరిగొచ్చాక "ఈ పిల్ల నాకు కథలు నేర్పడానికొచ్చింది" అని ఎవరితోనో అంటే అనచ్చు. అది భరించగలరనుకుంటేనే వెళ్ళండి.

వాళ్ళావిడను మర్చిపోవద్దు. సొంత డబ్బులతో వేసిన పుస్తకం అంటే ఆ డబ్బు ఇంట్లోంచే వెళ్ళింది. అమ్ముడుపోని కాపీల కట్టలు మంచం కింద ఉంటే ఊడ్చేటప్పుడల్లా జరిపేది ఆమే. అంత చేసిన పుస్తకానికి ఎవరో మూడు వేశారంటే ఆయన కంటే ఆమెకే ఎక్కువ మండుతుంది. కథ గురించి చెప్పేటప్పుడు ఆమె కూడా ఆ గదిలో ఉండేలా చూసుకోండి.

మీ ఊరికి ఈ విషయంలో ఒక పెద్ద చరిత్ర ఉందమ్మా. రారా అని పిలిచే విమర్శకులు రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 1968లో 'సంవేదన' పత్రిక మొదలుపెట్టింది మీ జిల్లాలోనే. ఎంత పేరున్న రచయితనైనా మొహమాటం లేకుండా విమర్శించారని ఆయనకు పేరు. ఆ విమర్శల వల్ల నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. కానీ ఒప్పుకోనివాళ్ళు కూడా ఎదురు వాదించడానికి వీలుండేది, ఎందుకంటే ఆయన కారణాలు రాసేవారు. ఈ మాట ఇక్కడెందుకు కుదరలేదు, ఈ పాత్ర ఎందుకు నిలబడలేదు అని పేజీలకు పేజీలు. మూడు స్టార్లతో ఎవరు వాదించగలరు? మీ లెక్చరర్ గారు తెలుగు చెప్పిన మనిషి, రారాను చదవకుండా ఉండరు. ఆయనకు ఈ ఊరి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్టార్లు మానేయాలా అన్నారు. పూర్తిగా మానేస్తే గొడవలుండవు, నిజమే. కానీ మెడికల్ షాపాయన లాంటి వాళ్ళకు నష్టం. రోజంతా కౌంటర్లో నిలబడి, రాత్రి షాపు మూశాక ఒక అరగంట చదివే మనిషికి ఏ పుస్తకం ముందు తీయాలో తెలియాలి. నోట్‌బుక్ ఒకసారి తిరగేస్తే ఆయనకు ఆ సాయం అందుతుంది. స్టార్లు తీసేసి అందరూ నాలుగు వాక్యాలు రాయాలంటే, రెండు నెలలు రాస్తారు, మూడో నెల నుంచి "బాగుంది" అని ఒక్క మాట కనబడుతుంది. దానికంటే స్టార్లే నయం.

స్టార్లు మీ సొంత డైరీలో వేసుకుని, నోట్‌బుక్‌లో ఏమీ వేయకుండా ఉండచ్చు. మీ వరకు హాయి. ఐదేళ్ళ తర్వాత డైరీ తిరగేస్తే మీ ఇష్టాలు ఎలా మారాయో మీకే తెలుస్తుంది. కానీ మీ గ్రూపులో నిక్కచ్చిగా వేసేది మీరొక్కరే అనిపిస్తోంది నాకు. మీరు తప్పుకుంటే ఆ నోట్‌బుక్ ఐదుల పట్టిక అయిపోతుంది.

మీరు ఇప్పుడు చేస్తున్నది మాత్రం అన్నిటికంటే అన్యాయం, అందరికీ నాలుగు. ఎవరూ నొచ్చుకోరు సరే, బ్యాంకు అమ్మాయి నాలుగు వందల యాభై పోయాయి. ఆమె ఇంకోసారి మీ స్టార్లు నమ్మి పుస్తకం కొనదు. రేపు మీకు నిజంగా బాగా నచ్చిన పుస్తకానికి నాలుగు వేసినా ఆమెకు అది కూడా పాత నాలుగులాగే కనబడుతుంది. జూలై నుంచి వేసిన నాలుగుల్లో ఏవి నిజమైనవో కూర్చుని ఒకసారి చూసుకోండి. నోట్‌బుక్‌లో దిద్దక్కర్లేదు, ఆ అమ్మాయికి చెప్తే చాలు.

ఇవన్నీ కాక, పద్ధతినే కొంచెం మార్చుకునే దారి ఉంది. ఏ స్టారుకి ఏమర్థమో నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి అందరూ ఒప్పుకోవడం. స్టార్ల పక్కన ఇంకో గడి గీసి, గుర్తున్న ఒక్క సంగతి, దాని పేజీ నంబరు రాయడం. మీరు సారు పుస్తకం పక్కన "బోరు రాడ్లు" అని రెండు మాటలు రాసి ఉంటే జూలై వేరేలా ఉండేది. గ్రూపులో వాళ్ళు రాసిన పుస్తకాలకు స్టార్లుండవు, ఆ నెల కూర్చుని మాట్లాడుకోవడమే అని పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇది సారు కోసం మాత్రమే పెట్టే నియమంలా కనబడే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతిపాదన మీ నోటి నుంచి రాకపోతే బాగుంటుంది. మెడికల్ షాపాయన చేత అనిపించండి. కవిత్వానికీ, చరిత్రకూ, వంటల పుస్తకానికీ ఒకే ఐదు స్టార్లు సరిపోతాయా అని కూడా అడిగారు. సరిపోవు. ఒక నవలను ఇంకో నవల పక్కన పెట్టి చూసుకోండి, వంటల పుస్తకం చూసి వండిన కూర తిని చెప్పండి. దీని మీద ఇంతకంటే ఆలోచించేదేమీ లేదు.

ప్లాన్ సంగతి. అరవై పుస్తకాలు, ఒక్కోటి రెండొందల యాభై పేజీలనుకుంటే, ఏడాదికి పదిహేను వేల పేజీలు. రోజుకి నలభై ఒకటి. గంటకి ముప్ఫై పేజీలు చదివినా, సెలవు లేకుండా, జ్వరం రాకుండా, పదో తరగతి పరీక్షలప్పుడు కూడా, రోజూ దాదాపు గంటా ఇరవై నిమిషాలు. ఇద్దరు పిల్లలు, స్కూలు, ఇల్లు. లెక్కల టీచరై ఉండి జనవరిలో ఈ గుణకారం చేయలేదంటే, ఆ అరవై పుస్తకాల కోసం అన్నది కాదమ్మా, పక్కమ్మాయి యాభై కోసం అన్నది. దాని మీద బెంగ పెట్టుకోవద్దు. ఆ పంతం డిసెంబర్‌కి గడువు తీరిపోతుంది.

ఇప్పుడు మీ ముందు ఏమున్నాయి? అరవై కోసం పరుగెత్తితే మిగిలిన ముప్ఫై ఏడూ సన్న పుస్తకాలే అవుతాయి. డిసెంబర్‌లో చప్పట్లు కొడతారు. ఆ ముప్ఫై ఏడులో ఎన్ని గుర్తుంటాయో మీరే చెప్పండి. అందరి ముందు "నాకు అరవై అవ్వదు, ముప్ఫై అనుకోండి" అంటే ఒక్క నిమిషం సిగ్గు, ఆ తర్వాత మిగతావాళ్ళలో ఇద్దరు ముగ్గురు కూడా తమ అంకెలు తగ్గిస్తారని నాకు నమ్మకం. చెప్పడానికి భయపడి కూర్చున్నది మీరొక్కరే అయి ఉండరు.

వచ్చే ఏడాదికి అంకెతో పాటు, లేదా అంకె బదులు, వేరే రకం ప్లాన్ వేసుకోవచ్చు. పుస్తకాల లెక్కలో ఉన్న తిరకాసు ఏమిటంటే ఎనభై పేజీల దానికీ తొమ్మిది వందల పేజీల దానికీ ఒకే ఒకటి. గుడ్‌రీడ్స్ ఏడాది ఛాలెంజ్ కూడా అంతే. అందుకే పెద్ద నవలలు మూలన పడతాయి. పేజీల లెక్కన వేసుకుంటే మీ నవలకు న్యాయం జరుగుతుంది, స్టోరీగ్రాఫ్ లాంటి సైట్లలో అలా పేజీలతోనో గంటలతోనో లక్ష్యం పెట్టుకునేవాళ్ళున్నారు. కానీ పేజీల పంతం మొదలైతే అదీ అంతే, అచ్చు చిన్నగా ఉన్న పుస్తకాలు వద్దనిపిస్తాయి. మూడో రకం, ఒక ప్రాంతాన్నో ఒక ప్రశ్ననో పట్టుకోవడం. సీమ కథే ఏడాదంతా చదువుదామనుకోండి. కడప నుంచి కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, అనంతపురం నుంచి సింగమనేని నారాయణ. అక్కడి నుంచి దారి అదే చూపిస్తుంది. దీనికి అంకె ఉండదు. కాబట్టి డిసెంబర్‌లో గెలిచానో ఓడానో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అది కొందరికి నచ్చదు. మీకు అంకెలంటే ఇష్టమే కాబట్టి మీకూ నచ్చకపోవచ్చు. అలాంటప్పుడు ముప్ఫై అని పెట్టుకుని, అందులో అయిదు వందల పేజీలు దాటినవి మూడుండాలని షరతు పెట్టుకోండి.

గ్రూపులోంచి తప్పుకోవాలా అన్నదానికి నా జవాబు, ఇప్పుడు కాదు. సారు అలిగి రాకుండా ఉన్న నెలల్లో మీరు కూడా తప్పుకుంటే అందరూ దాన్ని ఆయన ఖాతాలో రాస్తారు. ఆయన తిరిగొచ్చాక, లేదా రానని తేలాక, అప్పటికీ మీకు భారంగా ఉంటే అప్పుడు ఆలోచించండి.

దసరా సెలవులొస్తున్నాయి. నవలలో ఇంకా ఆరు వందల పేజీలున్నాయి. రోజుకి అరవై తిప్పితే సెలవుల్లోనే అయిపోతుంది. నోట్‌బుక్ ఎలాగూ మీ దగ్గరే ఉంది. స్కేలు పెట్టి ఆ కొత్త గడి గీసి ఉంచండి, మీటింగులో అందరూ ఒప్పుకుంటే నవలను ముందు అందులోనే ఎక్కించవచ్చు, అయిపోకపోతే ఎన్నో పేజీలో ఉన్నారో రాసి. సారు ఇంటికి మాత్రం రెండో ఆదివారానికి ముందే వెళ్ళి రండి. మీటింగుకి రమ్మని పిలవడం ఆ రోజు వద్దు. కథ గురించి మాట్లాడి వచ్చేయండి, మీటింగ్ మీ ఇంట్లోనేనని ఆయనకు తెలుసు.